అవగాహన ఎవరికి లేదు?

మూడేళ్ల క్రితం మా గూడెంలో, సంతకు పోయే దారి పక్క చింతచెట్టు దగ్గర ఒక క్యాంపు పెట్టారు. చెట్టుకు బ్యానర్ కట్టారు. క్యాన్సర్ మీద గిరిజనులకు అవగాహన సదస్సు అని దాని మీద రాసి ఉంది. షామియానా, కుర్చీలు, మైకు, వచ్చినవాళ్లకు తలా ఒక పులిహోర పొట్లం. ఒక డాక్టరమ్మ అరగంట మాట్లాడింది. మంచి మనిషే. కానీ తెలుగులో మాట్లాడింది, అదీ పుస్తకాల తెలుగు. మా ముసలమ్మలకు వచ్చేది కోయ. వాళ్లు తలలూపారు. తలూపిన వాళ్లందరికీ అర్థమైందని మైకు పట్టుకున్నాయన చెప్పాడు.

ఆ రోజు మా పెద్దమ్మ నోట్లో పుండు చూపించుకుంది. టార్చిలైటు వేసి చూశారు. ఒక చీటీ రాసిచ్చి పెద్దాస్పత్రికి పొమ్మన్నారు. ఏ ఆస్పత్రి, ఏ రోజు, అక్కడ ఎవరిని కలవాలి, బస్సు చార్జీ ఎవరిస్తారు, ఎవరూ చెప్పలేదు. ఆమె అడగలేదు. చీటీని మడిచి, రేషన్ కార్డుతో పాటు ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇంటి వాసంలో దోపింది.

పదకొండు నెలలకు పెద్దమ్మ పోయింది. దినాలనాడు కవరు దించి చూస్తే చీటీ అట్లాగే ఉంది. ఇంగ్లీషులో నాలుగు ముక్కలు. నోటి క్యాన్సర్ అనుమానం, ముక్క తీసి పరీక్ష చేయించాలి అని. ఆ నాలుగు ముక్కలు చదివి చెప్పడానికి పదకొండు నెలల్లో ఒక్క మనిషి మా ఇంటి గడప తొక్కలేదు. నేనూ ఊళ్లో లేను. ఆ తప్పులో నా వాటా నాకుంది. కానీ ఆ క్యాంపు లెక్కల్లో మా పెద్దమ్మ ఎట్లా ఉండి ఉంటుంది? అవగాహన పొందినవాళ్లు అనే గడిలో ఒక అంకె అయి ఉంటుంది.

అందుకే ఆ మాట మీద నాకు పేచీ. మలేరియాతో చస్తే మనకు అవగాహన లేదు. రక్తం తక్కువై కాన్పులో చస్తే అవగాహన లేదు. ఆస్పత్రికి ఆలస్యంగా పోతే మూఢనమ్మకం. ఈ మాట వేలు ఎప్పుడూ గూడెం వైపే చూపిస్తుంది. రోడ్డు లేని చోట, డాక్టరు లేని చోట, మందు లేని చోట కూడా లేనిది అవగాహనే! చెప్పేవాడికి మన గురించి ఏమాత్రం తెలుసో ఎవరూ అడగరు.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. క్యాన్సర్ విషయంలో గూడేలకు ముందు కావాల్సింది ఉపన్యాసం కాదు. చేసే ముందు మమ్మల్ని అడగాలి. చేసేది మా భాషలో, మా ఆడవాళ్ల చేత చేయించాలి. జబ్బు బయటపడ్డాక చివరిదాకా వెంట ఉండాలి. ఈ మూడూ లేని క్యాంపు వైద్యం కాదు, ఫొటో.

అడగకుండా చేసిన పని

అడగకపోతే ఏమవుతుందో తెలుసుకోవడానికి దూరం పోనక్కర్లేదు. 2009లో ఖమ్మం జిల్లాలో జరిగింది చూస్తే చాలు.

గర్భసంచి మూతికి వచ్చే క్యాన్సర్‌కు ముఖ్య కారణం హెచ్‌పీవీ అనే వైరస్. దాన్ని అడ్డుకునే టీకా ఉంది. పాత్ అనే అమెరికన్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి 2009 జూలైలో ఆ టీకాను ఖమ్మం జిల్లాలో మొదలుపెట్టాయి. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది. టీకాలు కంపెనీ ఉచితంగా ఇచ్చింది. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలు సుమారు పద్నాలుగు వేల మందికి వేశారు. గుజరాత్‌లోని వడోదర జిల్లాలో వేరే కంపెనీ టీకాతో ఇట్లాంటిదే ఇంకోటి నడిచింది. ఖమ్మంలో టీకా వేసుకున్న పిల్లల్లో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉండే మన పిల్లలు. హాస్టల్ పిల్లలు ఒకేచోట దొరుకుతారు కదా. అడవిలో ఇంటింటికీ తిరగాల్సిన పని లేదు, తల్లుల ప్రశ్నలకు జవాబు చెప్పాల్సిన పని అంతకన్నా లేదు.

ఇది పరిశోధన అని ఎంతమంది తల్లులకు తెలుసు? పార్లమెంటు స్థాయీ సంఘం 2013 ఆగస్టులో ఇచ్చిన నివేదికలో ఈ లెక్క ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 అనుమతి పత్రాల్లో 1,948 వేలిముద్రలే. 2,763 పత్రాల మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు. తల్లీ తండ్రీ గూడెంలో బతికే ఉన్నారు. సెలవులకు పిల్ల పోయేది వాళ్ల ఇంటికే. ఆ పిల్ల ఒంట్లోకి సూది దిగడానికి మాత్రం వార్డెన్ సంతకం సరిపోయింది. టీకా వేశాక ఎవరికి ఏమైందో కనిపెట్టి చూసే ఏర్పాటు కూడా సరిగా లేదని ఆ సంఘమే తప్పుపట్టింది. ప్రభుత్వ ఆరోగ్య మిషన్ గుర్తు వాడుకోవడం వల్ల ఇది మామూలు సర్కారు టీకా అనే అభిప్రాయం కలిగిందని కూడా చెప్పింది.

రెండు రాష్ట్రాల్లో కలిపి టీకా వేసుకున్న పిల్లల్లో ఏడుగురు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆ కార్యక్రమం ఆపేసింది. ప్రభుత్వం వేసిన విచారణ కమిటీ ఆ చావులకు టీకా కారణం కాకపోవచ్చని చెప్పింది. కారణాలుగా పాముకాటు, నీళ్లలో మునగడం, పురుగుమందు, జ్వరం లాంటివి చూపించారు. కోట్ల మంది పిల్లలకు వేసిన టీకా ఇది. ఆ చావులు టీకా వల్ల వచ్చాయని నేను అనడం లేదు, అనకూడదు కూడా. నేననేది వేరు. పిల్ల పోయిన ఇంటికి వెళ్లి, ఇదీ సంగతి అని తల్లికి అర్థమయ్యే మాటలో చెప్పిందెవరు? టీకా వేసేముందు అడగనివాళ్లు చావు తర్వాత చెబితే ఆ తల్లి ఎట్లా నమ్మాలి? నిజం చెప్పినా నమ్మలేని స్థితి తెచ్చింది ఎవరు?

కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2018 మేలో అయిదుగురు జడ్జీల ధర్మాసనం ఒక ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. అది దేని మీద? పార్లమెంటు సంఘం నివేదికను కోర్టు చూడవచ్చా, చూడకూడదా అన్న దాని మీద. చూడవచ్చన్నారు. లా చదివే పిల్లలు ఇప్పుడు ఆ తీర్పు చదువుకుంటున్నారు. మన పిల్లల పేరు మీద రాజ్యాంగ చట్టం ఒక అడుగు ముందుకు పోయింది. మన గూడేల్లో తల్లులకు మాత్రం ఏ కబురూ రాలేదు.

ఆగిపోవడం వల్ల లోకానికి దక్కినది

ఇంకో సంగతి మనలో చాలామందికి తెలియదు. అదే సమయంలో దేశంలో వేరే చోట్ల హెచ్‌పీవీ టీకా మీద ఇంకో పెద్ద పరిశోధన నడుస్తోంది. మూడు డోసులు కావాలా, రెండు సరిపోతాయా అని చూసే పరిశోధన. ఖమ్మం గొడవతో 2010లో టీకాలు ఆపమన్నప్పుడు అక్కడా ఆగిపోయాయి. దాంతో ఆ పరిశోధనలో సుమారు అయిదు వేల మంది పిల్లలకు ఒక్క డోసే పడింది. వాళ్లను వదిలేయకుండా పదేళ్ల పాటు గమనించారు. ఒక్క డోసు కూడా దాదాపు మూడు డోసులంత బాగా కాపాడుతోందని తేలింది. 2022 చివర్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసు చాలనే వెసులుబాటు ఇచ్చింది. దానికి ఆసరాగా నిలిచిన ఆధారాల్లో ఇది ముఖ్యమైనది. దాంతో పేద దేశాలకు టీకా ఖర్చు ఎంతో తగ్గింది.

చూశారా? భద్రాచలం హాస్టల్ పిల్లల విషయంలో జరిగిన అన్యాయం వల్ల ఒక పరిశోధన మధ్యలో ఆగింది. ఆగడం వల్ల లోకానికి ఒక మేలు జరిగింది. ఎక్కడెక్కడి ఆడపిల్లలకో ఆ మేలు అందుతోంది. సంతోషమే. కానీ ఆ కథలో మన పేరు ఉందా? ఇదిగో, మీ వల్ల లోకానికి ఈ సంగతి తెలిసింది, ఇప్పుడు మీ పిల్లలకు ఈ టీకా ఇట్లా పనికొస్తుంది అని చెప్పడానికి ఎవరైనా మన గ్రామసభకు వచ్చారా? అక్కడి అయిదు వేల మందిని పదేళ్లు వెంటాడి చూడగలిగిన దేశం, మన పద్నాలుగు వేల మంది పిల్లలకు కనీసం మాట చెప్పలేకపోయింది. అవగాహన ఎవరికి లేదు?

టీకాకు నేను వ్యతిరేకం కాదు

ఇప్పుడు మళ్లీ ఆ టీకా మాట వినిపిస్తోంది. మన దేశంలోనే తయారైన టీకా కూడా వచ్చింది. 2024 బడ్జెట్‌లో తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు ఈ టీకాను ప్రోత్సహిస్తామని కేంద్రం చెప్పింది. దీనిపై మనవాళ్లలోనే ఒక మాట నడుస్తోంది. మన మీద ప్రయోగం చేశారు కాబట్టి ఇక ఈ సూది మన గూడెం పొలిమేర తొక్కకూడదని. ఆ కోపం నాకు అర్థమవుతుంది. ఆ మాటతో మాత్రం నేను ఒప్పుకోను.

ఎందుకంటే ఈ జబ్బు చంపేది ఎవరిని? మన దేశంలో ఏటా లక్షా ఇరవై వేల మందికి పైగా ఆడవాళ్లకు గర్భసంచి మూతి క్యాన్సర్ వస్తోంది. డెబ్భై అయిదు వేల మందికి పైగా చస్తున్నారు. డబ్బున్నవాళ్ల పిల్లలు ప్రైవేటు ఆస్పత్రుల్లో ఎన్నో ఏళ్లుగా ఈ టీకా కొనుక్కుని వేయించుకుంటున్నారు. మనం కోపంతో వద్దంటే నష్టపోయేది కంపెనీ కాదు, మన పిల్ల. అప్పుడు అడగకుండా వేయడం ఒక అన్యాయం. ఇప్పుడు అందకుండా పోవడం రెండో అన్యాయం. మొదటిది వాళ్లు చేశారు. రెండోది మన చేతులతో మనమే చేసుకోవద్దు.

అడిగి వేస్తే ఎట్లా ఉంటుందో సిక్కిం చూపించింది. అదీ కొండల రాష్ట్రమే. లెప్చాలు, భూటియాలు ఉండే చోటు. 2018లో అక్కడ తొమ్మిది నుంచి పదమూడేళ్ల ఆడపిల్లలు పాతిక వేల మందికి ఈ టీకా వేశారు. నూటికి తొంభై అయిదుకు పైగా పిల్లలు వేయించుకున్నారు. అక్కడ రాష్ట్ర ప్రభుత్వమే తన పేరుతో, తన బాధ్యత మీద చేసింది. ముందు టీచర్లతో, తల్లిదండ్రులతో మాట్లాడింది. అదే సూది. అదే వయసు పిల్లలు. తేడా మాట్లాడటంలో ఉంది.

ప్రతి తల్లినీ అడుగుతూ కూర్చుంటే ఏళ్లు పడుతుందని అధికారులు అంటారు. ఓటు కోసం వాగు దాటి ప్రతి గూడేనికీ డబ్బా మోసుకొస్తారు. జనాభా లెక్కలకు ప్రతి గుడిసె తలుపూ తడతారు. వాటికి పట్టని ఏళ్లు పిల్ల ఒంటి విషయం అడగడానికి పడతాయా?

చెప్పడం వేరు, చూడటం వేరు

ఇక పెద్ద ఆడవాళ్ల సంగతి. టీకా పిల్లలకు. పెళ్లయి పిల్లలున్న ఆడవాళ్లకు కావాల్సింది పరీక్ష. ఈ క్యాన్సర్ ఒక్క రోజులో రాదు. వైరస్ సోకిన తర్వాత గర్భసంచి మూతి మీద మచ్చలు ఏర్పడి, అవి క్యాన్సర్‌గా మారడానికి చాలా ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లలో ఎప్పుడు చూసినా పట్టుకోవచ్చు. చిన్న వైద్యంతో కాల్చేయవచ్చు. అంటే ఈ జబ్బుతో చచ్చే ప్రతి ఆడమనిషీ ఎన్నో ఏళ్ల పాటు ఎవరూ చూడక చచ్చినట్టే.

ముప్పై దాటిన ప్రతి మనిషినీ అయిదేళ్లకోసారి నోరు, రొమ్ము, గర్భసంచి మూతి చూడాలని కేంద్రం 2016లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద ముప్పై నుంచి నలభై తొమ్మిదేళ్ల ఆడవాళ్లలో ఒక్కసారైనా గర్భసంచి మూతి పరీక్ష చేయించుకున్నవాళ్లు నూటికి ఇద్దరు కూడా లేరు. 1.9 శాతం. ఇది హైదరాబాదునూ ముంబైనీ కలుపుకున్న లెక్క. వాళ్లకే ఇట్లా ఉంటే చర్ల అవతలి గుంపుల సంగతి చెప్పాలా? పట్నంలో చదువుకున్న ఆడవాళ్లకు అవగాహన లేక చేయించుకోలేదా? అడిగేవాళ్లు, చేసేవాళ్లు లేకే కదా.

అవగాహన ఒక్కటే ఇస్తే ఏమవుతుందో, పరీక్ష కూడా చేస్తే ఏమవుతుందో మన దేశంలోనే తేలిపోయింది. ముంబైలో టాటా ఆస్పత్రివాళ్లు 1998 నుంచి బస్తీల్లో లక్షన్నర మంది ఆడవాళ్ల మీద పరిశోధన చేశారు. సగం మందికి మొదట్లో ఒకసారి క్యాన్సర్ గురించి చెప్పి వదిలేశారు. మిగతా సగం మందికి చెప్పడంతో పాటు రెండేళ్లకోసారి పరీక్ష చేశారు. ఏం పరీక్ష? వినెగర్‌లాంటి పలచటి ఆమ్లాన్ని గర్భసంచి మూతికి అద్ది చూడటం. చెడిన చోటు తెల్లగా కనపడుతుంది. మిషన్లు లేవు, ల్యాబు లేదు. చేసింది డాక్టర్లు కూడా కాదు. హైస్కూలు చదువు చదివి, శిక్షణ తీసుకున్న మామూలు ఆడవాళ్లు. పన్నెండేళ్ల తర్వాత లెక్క చూస్తే, పరీక్ష చేసినవాళ్లలో ఈ క్యాన్సర్ చావులు రెండోవాళ్లకన్నా 31 శాతం తక్కువ.

ఆ పరిశోధన మీద పెద్ద విమర్శ కూడా ఉంది. పరీక్ష పనికొస్తుందని అప్పటికే తెలిసి, సగం మందిని పరీక్ష లేకుండా వదిలేయడం న్యాయమా అని. నాకూ అదే అనిపిస్తుంది. ఆ బస్తీ ఆడవాళ్లూ మనలాంటి పేదలే. అయితే దాని నుంచి మనం తీసుకోవాల్సిన పాఠం ఒకటుంది. మాటలు చెప్పి వదిలేసిన ఆ సగం మంది ఎవరో కాదు, మనమే. వాళ్లను పరిశోధన కోసం వదిలేశారు. మనల్ని ఏ పరిశోధనా లేకుండా, బ్యానర్ కట్టి, పులిహోర పెట్టి వదిలేస్తున్నారు.

పదో తరగతి చదివిన ఆడపిల్లలు మన గూడేల్లో లేరా? ఇంటర్ చదివి మిర్చి కోతకు పోతున్నవాళ్లు ఎంతమంది! వాళ్లకు శిక్షణ ఇచ్చి, జీతం ఇచ్చి ఈ పని అప్పజెప్పండి. ఆశా కార్యకర్త మీద ఇప్పటికే ఉన్న ముప్పై పనుల మీద ముప్పై ఒకటోది పెట్టి, ఫారం నింపించి, పరీక్ష అయినట్టు రాసుకోకండి. ఫారంలో ప్రశ్న అడగడం పరీక్ష కాదు. మన ఆడవాళ్లు సిగ్గుపడి రారు అంటారు. మగ డాక్టరు ముందు, తెర కూడా లేని గదిలో పడుకోమంటే ఏ ఆడమనిషైనా సిగ్గుపడదా? ఇప్పుడు ఆడవాళ్లు తమంతట తాము నమూనా తీసుకునే హెచ్‌పీవీ పరీక్ష కూడా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పుకున్న పద్ధతే. సన్నపుల్ల లాంటిది ఇస్తారు, ఇంట్లోనే తీసి ఇవ్వవచ్చు. నిజంగా సిగ్గే అడ్డమైతే ఆ పుల్ల ముందు రావాల్సింది గూడేలకే. వచ్చిందా?

క్యాంపు పెట్టే రోజు కూడా చూడండి. ఏప్రిల్, మే నెలల్లో తునికాకు కోత. తెల్లవారుజామున పోయిన మనిషి కట్టలు కట్టి కల్లంలో అప్పజెప్పేసరికి పొద్దు తిరుగుతుంది. ఆ నెలలో పదకొండు గంటలకు క్యాంపు పెట్టి, ఎవరూ రాలేదని రిపోర్టు రాస్తారు. ఏడాదికి ఒకసారి చేతికొచ్చే ఆ డబ్బు సంగతి మా పిల్లలకు కూడా తెలుసు. క్యాంపు పెట్టేవాడికే తెలియదు.

చీటీ తర్వాత ఏమిటి?

ఆరోగ్యశ్రీ ఉంది కదా, వైద్యం ఉచితమే కదా అంటారు. ఉంది. దాని వల్ల బతికినవాళ్లూ ఉన్నారు, కాదనను. కానీ గర్భసంచి మూతి క్యాన్సర్ ముదిరితే కరెంటు పెట్టాలి. వారానికి అయిదు రోజుల చొప్పున అయిదారు వారాలు. పెద్ద సర్కారు క్యాన్సర్ ఆస్పత్రి ఉన్నది హైదరాబాదులో. భద్రాచలం నుంచి మూడు వందల కిలోమీటర్లు. ఆ అయిదారు వారాలు ఆమె ఎక్కడ పడుకోవాలి? తోడుగా వచ్చిన మనిషి కూలి ఎవరిస్తారు? ఇంటి దగ్గర పిల్లలకు, మేకలకు దిక్కెవరు? వైద్యం మధ్యలో వదిలేసి వచ్చిన ఆడవాళ్లను ఆస్పత్రి రికార్డులో మధ్యలో మానేసినవాళ్లు అని రాస్తారు. వాళ్లు మానేయలేదు. మీ లెక్క మంచం దగ్గర ఆగిపోయింది, వాళ్ల బతుకు ఆగలేదు.

ఇంకో చిక్కు మన దగ్గరే ఉంది. 2014లో పోలవరం కోసం భద్రాచలం చుట్టూ ఉన్న మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. కూనవరం, చింతూరు మనిషికి కార్డు ఒక రాష్ట్రానిది, దగ్గరగా ఉన్న పట్నం ఆస్పత్రి ఇంకో రాష్ట్రానిది. జబ్బుకు ఆ గీత తెలియదు. సల్వాజుడుం కాలంలో ఛత్తీస్‌గఢ్ నుంచి ఊళ్లు వదిలి వచ్చిన గొత్తికోయల సంగతి ఇంకా ఘోరం. ఇక్కడ వాళ్లకు ఎస్టీ గుర్తింపే లేదు. చాలామందికి కాగితాలే లేవు. కార్డు లేని మనిషికి చీటీ రాసిస్తే ఎక్కడికి పోతుంది?

నొప్పి సంగతి ఎవరూ మాట్లాడరు. ముదిరిన క్యాన్సర్‌కు మార్ఫిన్ మాత్ర ఉంది. ఖరీదైనది కాదు. దాని మీద ఉన్న ఆంక్షలు సడలించేందుకు 2014లో చట్టాన్ని కూడా సవరించారు. మా పెద్దమ్మ చివరి రెండు నెలలు రాత్రుళ్లు నిద్రపోలేదు, మమ్మల్ని నిద్రపోనివ్వలేదు. ఆమెకు దొరికింది పారాసిటమాల్. బతికించలేకపోయినా నొప్పి తీయడం చేతనయ్యే పనే. ఆ మాత్ర ఏరియా ఆస్పత్రి దాకా వస్తే చాలు.

మన తప్పు మనం చెప్పుకుందాం

అన్నీ వాళ్ల తప్పులే అంటే నేనూ ఫొటో తీసుకున్నట్టే అవుతుంది. పొగాకు సంగతి మనమే మాట్లాడాలి. డాక్టర్ అభయ్ బంగ్ అధ్యక్షతన గిరిజనుల ఆరోగ్యం మీద వేసిన నిపుణుల కమిటీ 2018లో నివేదిక ఇచ్చింది. ఆదివాసీ మగవాళ్లలో పదిమందికి ఏడుగురు పొగాకు వాడుతున్నారని అందులో ఉంది. చుట్ట మన తాతల నాటిది, పండగలో పెద్దలకు పెట్టేది అంటాం. సరే. సంతలో రూపాయలకు దొరికే గుట్కా, ఖైనీ పొట్లం కూడా తాతలు ఇచ్చిందేనా? బడి పిల్లల జేబుల్లో అవి కనపడుతుంటే మనం చూడనట్టు పోవడం లేదా? తెల్లబట్ట అవుతోందని, నెలసరి కాని రోజుల్లో రక్తం పోతోందని ఆడమనిషి చెబితే నోరు మూసుకో అంటున్నది మన ఇళ్లలోనే. వడ్డె దగ్గరకు పోవద్దని నేను చెప్పను. వడ్డె చూశాక కూడా పుండు మూడు వారాల్లో మానకపోతే ఆస్పత్రికి తీసుకుపోయే పూచీ ఇంటి మగవాళ్లది అంటాను.

అలవాటు మారదు అనేవాళ్లకు శ్రీకాకుళం జవాబు. అక్కడ చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ ఉంది, ముఖ్యంగా ఆడవాళ్లలో. దానివల్ల అంగిలికి క్యాన్సర్ వస్తుంది. 1960ల చివర్లో ముంబై పరిశోధకులు ఆ జిల్లా ఊళ్లలో పది వేల మందికి పైగా చూస్తే, నూటికి నలభై మందికి పైగా అడ్డపొగ తాగేవాళ్లే. తర్వాత వాళ్లు ఏం చేశారు? శ్రీకాకుళంతో పాటు దేశంలో మరో రెండు జిల్లాల్లో పొగాకు వాడేవాళ్ల ఇళ్లకు ఏటా వెళ్లారు. నోరు చూశారు, మానమని మనిషి మనిషికీ చెప్పారు. ఏళ్ల తరబడి అట్లా తిరిగాక మానేసినవాళ్లు, తగ్గించినవాళ్లు పెరిగారు. నోట్లో మచ్చలు తగ్గాయి. ఆ పని చేసింది బ్యానర్ కాదు. అదే ఇంటికి మళ్లీ మళ్లీ వెళ్లిన మనిషి.

లెక్కలో లేని చావులు

ఆదివాసీలకు క్యాన్సర్ తక్కువ, అది పట్నం జబ్బు అనే పెద్దమనుషులూ ఉన్నారు. తక్కువో ఎక్కువో తేల్చాలంటే లెక్క ఉండాలి కదా. దేశంలో క్యాన్సర్ రిజిస్ట్రీలు 1981 నాటికి ముంబై, బెంగళూరు, చెన్నైల్లో మొదలయ్యాయి. ఈనాటికీ అవి ఎక్కువగా నగరాల చుట్టూనే ఉన్నాయి. దేశ జనాభాలో అయిదో వంతు కూడా వాటి కిందికి రాదు. గిరిజనుల ఆరోగ్యం మీద లెక్కలే సరిగా లేవని బంగ్ కమిటీ కూడా మొత్తుకుంది. ఏజెన్సీలో చావుకు డాక్టరు సర్టిఫికెట్ ఉండదు. మా పెద్దమ్మ చావు పంచాయతీ పుస్తకంలో వృద్ధాప్యం అని ఉంది. ఆమెకు యాభై రెండేళ్లు.

మేం అడిగేది

ఐటీడీఏను, రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలను, మన ఎమ్మెల్యేలను అడుగుతున్నాం.

టీకా అయినా పరీక్ష అయినా ముందు గ్రామసభలో కోయలో, గోండిలో, సవరలో, ఏ గూడెం భాష అయితే ఆ భాషలో చెప్పండి. ఏది సర్కారు కార్యక్రమం, ఏది పరిశోధన, డబ్బు ఎవరిది, ఇబ్బంది వస్తే ఎవరిని పట్టుకోవాలి, అన్నీ చెప్పండి. హాస్టల్ పిల్లకు తల్లిదండ్రుల సంతకమో వేలిముద్రో ఉండాలి. వార్డెన్ సంతకం చెల్లదని ఉత్తర్వు ఇవ్వండి.

ప్రతి పీహెచ్‌సీ కింద ఇద్దరు ఆదివాసీ ఆడపిల్లలకు గర్భసంచి మూతి, నోరు, రొమ్ము చూడటంలో శిక్షణ ఇచ్చి, నెల జీతం మీద పెట్టుకోండి. మచ్చ కనపడితే అదే రోజు అక్కడే వైద్యం జరగాలి. ముక్క తీసి పంపే ఏర్పాటు ఏరియా ఆస్పత్రిలోనే ఉండాలి.

పెద్దాస్పత్రికి పంపే ప్రతి మనిషి వెంట ఒక మనిషిని పంపండి. అక్కడ ఉండటానికి చోటు, తోడు వచ్చినవాళ్లకు రోజు కూలి ఇవ్వండి. రాష్ట్రం గీత, కార్డు లేదన్న సాకు క్యాన్సర్ మనిషికి అడ్డం రాకూడదు. నొప్పి మాత్ర దగ్గర ఆస్పత్రిలో దొరకాలి.

క్యాంపు పెట్టిన ఏడాదికి అదే గూడెం గ్రామసభకు వచ్చి లెక్క చెప్పండి. ఎంతమందిని చూశారు, ఎంతమందికి అనుమానం వచ్చింది, వాళ్లలో ఎంతమంది ఆస్పత్రికి చేరారు, ఎంతమంది బతికారు, ఎంతమంది పోయారు. ఎంతమందికి అవగాహన కలిగించారో మాకు అక్కర్లేదు.

మనవాళ్లకూ ఒక మాట. రాసేవాళ్లు, టీచర్లు, వాలంటీర్లు, చదువుకున్న పిల్లలందరికీ. ఈసారి ఊరికి పోయినప్పుడు ఇంటి వాసాలు వెతకండి. రేషన్ కార్డుల కవర్లు దించండి. మా పెద్దమ్మ దాచుకున్నట్టు ఎవరైనా చీటీ దాచుకుని ఉంటారు. దాన్ని చదివి చెప్పండి. చెప్పి ఊరుకోవద్దు, బస్సు ఎక్కించి వెంట పొండి.